వీగిపోవడం వేరు, మురిగిపోవడం వేరు

నేను పనిచేసిన హైస్కూల్లో పదో తరగతి గది గోడకి ఒక చార్టు ఉండేది. 1997లో నేనే గీశాను. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో "బిల్లు చట్టం అయ్యే విధానం" అని రాసి, కింద వరసగా డబ్బాలు, డబ్బాల మధ్య బాణాలు పెట్టాను. బిల్లు ప్రవేశపెట్టడం, కమిటీ పరిశీలన, చర్చ, ఓటింగు, రెండో సభ, రాష్ట్రపతి ఆమోదం. ఓటింగు డబ్బా నుంచి మాత్రం రెండు బాణాలు వెళ్లేవి. నెగ్గితే ఇటు, వీగిపోతే అటు. చూడటానికి చక్కగా ఉందని హెడ్మాస్టరు గారు కూడా మెచ్చుకున్నారు.

ఆ సంక్రాంతి సెలవుల తర్వాత, అంటే 1998 జనవరిలో, రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి అడిగింది. "టీచర్, మహిళా బిల్లు ఇప్పుడు ఏ డబ్బాలో ఉంది?"

నేను చార్టు వైపు తిరిగాను. చూపించడానికి డబ్బా లేదు. లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి కేటాయించాలన్న ఆ బిల్లు నెగ్గలేదు. వీగిపోలేదు. 1996 సెప్టెంబరు 12న దేవెగౌడ ప్రభుత్వం 81వ రాజ్యాంగ సవరణ బిల్లుగా దాన్ని లోక్‌సభలో పెట్టింది. గీతా ముఖర్జీ గారి అధ్యక్షతన ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపారు. ఆ కమిటీ నెలలు నాన్చకుండా అదే ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చేసింది. తర్వాత ఏడాది పాటు అది అలా కూర్చుంది. 1997 డిసెంబరులో లోక్‌సభ రద్దయింది, దానితోపాటు బిల్లూ పోయింది. మన పేపర్లు దీనికి ఒక మాట వాడతాయి, "మురిగిపోయింది" అని. ఆ రోజు క్లాసులో ఆ మాటే చెప్పాను. "ఎవరు మురగబెట్టారు టీచర్?" అని ఆ పిల్ల మళ్లీ అడిగింది. గంట కొట్టారు కాబట్టి ఆ పూటకి గడిచింది గానీ, ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రిటైరై ఇంట్లో ఉన్నాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాయగలుగుతున్నాను. పార్లమెంటులో ఒక చట్టాన్ని ఇష్టపడని వాళ్లుంటారు. ఉండాలి కూడా. నా బాధ వాళ్ల గురించి కాదు. ఓటు దాకా రానివ్వకుండా చేసే పద్ధతి గురించే. ఎవరూ "వద్దు" అని చెయ్యెత్తరు. ఏ రికార్డులోనూ ఎవరి పేరూ ఉండదు. బిల్లు మాత్రం ఉండదు.

ఇది నాకు ఇంత మంటగా ఎందుకుందో చెప్పాలంటే మా మేనత్త గురించి చెప్పాలి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది, పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇవ్వాలని. దాని తర్వాత మన రాష్ట్రంలో 1995లో జరిగిన ఎన్నికల్లో అత్త వార్డు మెంబరైంది. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి. మొదటి రెండు మూడు మీటింగులకు మామయ్య వెంట వెళ్లాడు, తర్వాత "నువ్వెందుకు, నాకు దారి తెలీదా" అని తనే వెళ్లడం మొదలుపెట్టింది.

వాళ్ల వీధి చివర కుళాయి కావాలని తీర్మానం పెట్టింది. పది మంది మెంబర్లలో నలుగురు ఔనన్నారు, ఆరుగురు వద్దన్నారు. వీగిపోయింది. ఆ రాత్రి భోజనం చేయలేదట. కానీ పంచాయతీ కార్యదర్శి మినిట్స్ బుక్కులో ఎవరు ఔనన్నారో, ఎవరు వద్దన్నారో పేర్లతో సహా రాశాడు. మర్నాడు పొద్దున్నే అత్త ఆ బుక్కు చదివించుకుని, వద్దన్న ఆరుగురిలో ఇద్దరి ఇళ్లకు వెళ్లింది. ఒకాయన అభ్యంతరం పైపు తన అరుగు ముందు నుంచి పోతుందని. ఇంకొకాయన తన వీధికి నీళ్లు తగ్గిపోతాయని భయపడ్డాడు. అరుగు తప్పించి పైపు వేస్తామని ఒకరికి, నీళ్లు వదిలే వేళలు వేరు చేస్తామని ఇంకొకరికి చెప్పి ఒప్పించింది. వచ్చే నెల మీటింగులో ఆరు, నాలుగు. కుళాయి వచ్చింది.

ఓడిపోయిన తీర్మానమే ఆమెకి దారి చూపించింది. ఎవరి గుమ్మం ఎక్కాలో ఆ బుక్కు చెప్పింది. మహిళా బిల్లు విషయంలో లోక్‌సభలో ఇరవై ఏడేళ్ల పాటు మనకి ఆ బుక్కే లేదు.

1998లో వాజ్‌పేయి ప్రభుత్వం మళ్లీ ప్రయత్నించింది. అప్పుడు స్పీకర్ మా అమలాపురం ఎంపీ బాలయోగి గారు. కోనసీమ మనిషి ఆ కుర్చీలో కూర్చున్నాడని మా స్కూలంతా గర్వంగా ఉండేది. జులైలో న్యాయశాఖ మంత్రి తంబిదురై బిల్లు ప్రవేశపెట్టడానికి లేచినప్పుడు ఆర్జేడీ సభ్యుడొకరు ప్రతులు లాక్కుని చించేశాడు. మర్నాడు పేపరు క్లాసుకి తీసుకెళ్లాను. చింపిన వాణ్ణి పిల్లలు తిట్టారు. నాకు మాత్రం ఆ చింపిన వాడి మీద కన్నా, అతను చింపుతుంటే లోపల్లోపల ఊపిరి పీల్చుకున్న వాళ్ల మీద ఎక్కువ కోపం వచ్చింది. కాగితం చింపితే బిల్లు పోదు. ఇంకో ప్రతి తెచ్చి ఇంకో గంటకి పెట్టొచ్చు. కానీ ఆ సమావేశాల్లో పెట్టలేదు. డిసెంబరు దాకా ఆగారు. 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది, లోక్‌సభ రద్దయింది. బిల్లు మళ్లీ మురిగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో ఇంకోసారి పెట్టారు. 2004లో సభ రద్దయి అదీ పోయింది.

ఈ మూడోసారి నేను నేర్చుకున్న మాట "ఏకాభిప్రాయం". ప్రతి సమావేశాలకు ముందు అఖిలపక్షం వేయడం, ఏకాభిప్రాయం రాలేదని బయటకొచ్చి చెప్పడం. వినడానికి ఎంత పెద్దమనిషి తరహా మాట! రాజ్యాంగంలో 368వ అధికరణ చదివితే సవరణ సభలో నెగ్గడానికి ఏం కావాలో స్పష్టంగా ఉంటుంది. సభ మొత్తం సభ్యుల్లో సగం కన్నా ఎక్కువ మంది, హాజరై ఓటు వేసిన వారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. అంతే. అందరూ ఒప్పుకోవాలని ఎక్కడా లేదు. అంబేడ్కర్, మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ కూర్చున్న రాజ్యాంగ సభ ఆలోచించి పెట్టిన ఆ లెక్కని పక్కన పెట్టి, నూటికి నూరు మంది ఒప్పుకుంటేనే ఓటింగు అంటే, వ్యతిరేకించే పది మందికి దేశం మొత్తాన్ని ఆపే అధికారం ఇచ్చినట్టే. ఆ అధికారం వాళ్లకి ఏ ఓటరూ ఇవ్వలేదు.

రాజ్యాంగ సవరణ బిల్లులకే ఈ అవస్థ ఎందుకు ఎక్కువంటే, అక్కడ ఓట్లు లెక్కపెట్టి తీరాలి. మామూలు బిల్లు మూజువాణి ఓటుతో అయిపోతుంది. ఔనన్న వాళ్ల గొంతు పెద్దగా ఉందా, కాదన్న వాళ్లదా అని స్పీకర్ విని ప్రకటిస్తారు. సభలో ఎంత అరుపులున్నా ఒక నిమిషంలో దాటించెయ్యొచ్చు. సవరణకి డివిజన్ జరగాలి. లాబీలు ఖాళీ చేయించాలి, తలుపులు మూయాలి, ప్రతి సభ్యుడూ తన సీట్లో కూర్చుని మీట నొక్కాలి. పోడియం ముందు పది మంది ప్లకార్డులతో నిలబడితే అది సాగదు. అంటే గొడవకి ఒక చిత్రమైన గుణం ఉంది. ప్రభుత్వానికి కావలసిన మామూలు బిల్లుని అది ఆపలేదు. ఎవరూ నెత్తిన వేసుకోవడానికి ఇష్టపడని పెద్ద బిల్లుని మాత్రం భేషుగ్గా ఆపేస్తుంది.

ఈ గుణం నాకు పూర్తిగా అర్థమైంది 2018 మార్చిలో. తెలుగువాళ్లం ఎవరం మర్చిపోకూడని నెల అది. ప్రత్యేక హోదా మీద వైసీపీ, తెలుగుదేశం రెండూ అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చాయి. నిబంధన ప్రకారం యాభై మంది సభ్యులు లేచి నిలబడితే చాలు, తీర్మానాన్ని చర్చకు తీసుకోవాలి. మార్చి 16 నుంచి రోజూ అదే దృశ్యం. వెల్‌లో అంటే స్పీకర్ కుర్చీ ముందున్న ఖాళీ జాగాలో, వేరే పార్టీల వాళ్లు కావేరి గురించి, రిజర్వేషన్ల గురించి నినాదాలు చేస్తుంటారు. సభ ఆర్డర్‌లో లేదు, యాభై మందిని లెక్కపెట్టలేను అని స్పీకర్ సుమిత్రా మహాజన్ గారు వాయిదా వేసేస్తారు. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసే దాకా లెక్కపెట్టడం అవలేదు.

నేను రోజూ స్కూల్లో స్టాఫ్ రూములో ఫోన్‌లో ఆ వార్త చూసేదాన్ని. మా లెక్కల మాస్టారు ఒకరోజు అన్నారు, "మేడమ్, అసెంబ్లీ టైములో గ్రౌండులో నాలుగొందల మంది పిల్లలు గోల చేస్తున్నా నేను హాజరు వేయట్లేదా?" అని. అదే నెల 14న, అవిశ్వాసం నోటీసులకి రెండు రోజుల ముందు, అదే సభలో, అలాంటి గొడవలోనే, దేశం మొత్తం ఏడాది ఖర్చుకి సంబంధించిన ద్రవ్య వినిమయ బిల్లు, ఆర్థిక బిల్లు చర్చ లేకుండా అరగంటలో ఆమోదం పొందాయి. శాఖలవారీగా పద్దుల మీద చర్చ జరగకుండా ఒకేసారి ఓటుకి పెట్టేయడాన్ని గిలెటిన్ అంటారు. అది నిబంధనల్లో ఉన్నదే. కానీ లక్షల కోట్ల రూపాయల పద్దులు దాటడానికి అడ్డురాని గొడవ, యాభై తలలు లెక్కపెట్టడానికి ఎలా అడ్డొచ్చింది? జులైలో మాత్రం అలాంటి తీర్మానాన్నే తీసుకున్నారు. 20న చర్చ, రాత్రికి ఓటింగు. 126 అనుకూలం, 325 వ్యతిరేకం. వీగిపోయింది.

వీగిపోయినందుకు బాధపడ్డానా అంటే పడ్డాను. కానీ మార్చిలో పడిన బాధ వేరు. జులైలో ఎవరెవరు ఏం మాట్లాడారో విన్నాం, ఎన్ని ఓట్లు అటు, ఎన్ని ఇటు అనేది తెలిసింది. ఓటమి మింగుడుపడింది. మార్చిలో తలుపు బయట నిలబెట్టినట్టుంది.

తలుపంటే గుర్తొచ్చింది. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో ఆమోదం పొందినప్పుడు టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. అంతకు ఐదు రోజుల ముందు అదే సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. రెండూ తప్పే అని నా అభిప్రాయం. విభజన మంచిదా చెడ్డదా అనే వాదన జోలికి ఇక్కడ వెళ్లను, అటు ఇటు రెండు వైపులా నాకు చుట్టాలున్నారు, స్నేహితులున్నారు. కానీ ఒక తరం పిల్లలు తమ రాష్ట్రం రెండుగా మారిన ఘడియని చూడలేకపోయారు. మూజువాణి ఓటుతో అయిపోయింది. ఎవరు ఏ మీట నొక్కారో రాసుకోవడానికి అసలు మీటలే నొక్కలేదు.

మళ్లీ మహిళా బిల్లు దగ్గరికి వస్తాను. 2008 మే 6న యూపీఏ ప్రభుత్వం ఈసారి తెలివిగా రాజ్యసభలో పెట్టింది. రాజ్యసభ రద్దవదు. అక్కడ పెండింగులో ఉన్న బిల్లు, లోక్‌సభ ఆమోదం ఇంకా పొందనిదైతే, లోక్‌సభ రద్దయినా బతికే ఉంటుంది. 107వ అధికరణ ఆ మాట చెబుతుంది. న్యాయశాఖ మంత్రి భరద్వాజ్ గారి చుట్టూ మహిళా మంత్రులు, ఎంపీలు కంచెలా కూర్చున్నారు. కాగితాలు లాక్కోవడానికి మీదికొచ్చిన సభ్యుణ్ణి మన రేణుకా చౌదరి గారు పక్కకి తోసేశారు. ఒక మంత్రి ఒక బిల్లు ప్రవేశపెట్టడానికి మనుషుల్ని అడ్డం పెట్టుకోవాల్సి రావడం ఎంత అవమానం!

2010 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజే, ఓటింగుకి తెచ్చారు. ఛైర్మన్ హమీద్ అన్సారీ గారి బల్ల దగ్గరికి ఎక్కేశారు, కాగితాలు చించారు. ఆ రోజు అవలేదు. మర్నాడు ఏడుగుర్ని సస్పెండ్ చేసి, వాళ్లు కదలకపోతే మార్షల్స్‌తో బయటికి పంపించి, ఓటింగు పెట్టారు. 186 అనుకూలం, ఒకటి వ్యతిరేకం. ఆ ఒక్క ఓటు మహారాష్ట్ర రైతు నాయకుడు శరద్ జోషీ గారిది. ఆయనతో నేను ఏకీభవించను. కానీ నూట ఎనభై ఆరు మంది ఒకవైపు ఉండగా కూర్చున్న చోటే "కాదు" అని ఓటేసిన మనిషి ఆయన. ఆయన కాగితాలు చించలేదు. ఆ రోజు రాత్రి నేను ఆ చార్టు ముందు నిలబడినట్టు కల వచ్చింది, బిల్లు బాణం మీద నడుచుకుంటూ రెండో సభ డబ్బాలోకి వెళ్తున్నట్టు.

ఆ రెండో సభ డబ్బాలోనే అది ఆగిపోయింది. నాలుగేళ్లు. ఈ నాలుగేళ్ల గురించే నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ. అప్పుడు లోక్‌సభ స్పీకర్ మీరా కుమార్. ప్రతిపక్ష నాయకురాలు సుష్మా స్వరాజ్. అధికార కూటమి అధ్యక్షురాలు సోనియా గాంధీ. 2012 దాకా రాష్ట్రపతి భవన్‌లో ప్రతిభా పాటిల్. కాంగ్రెస్, బీజేపీ, వామపక్షాలు మూడూ బహిరంగంగా మద్దతు పలికాయి. బయటి నుంచి మద్దతిస్తున్న పార్టీలు మద్దతు తీసేస్తామన్నాయి, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. బిల్లుని ఓటింగుకి రాకుండా ఆపడానికి ఎవరూ చొక్కాలు చించుకోనక్కర్లేదు. రోజు వారీ సభా కార్యక్రమాల జాబితాలో ఆ పేరు వేయకపోతే చాలు. అది వేసేది ప్రభుత్వం. వేయకపోవడం అనే పనికి సాక్షి ఉండదు, సంతకం ఉండదు.

ఇంకో కష్టం, రాజ్యసభలో ఉండగా దానికి రక్షణగా ఉన్న 107వ అధికరణే, అది లోక్‌సభకి వెళ్లాక రక్షించడం మానేసింది. లోక్‌సభ ముందు పెండింగులో ఉన్న బిల్లు, సభ రద్దవగానే పోతుంది. రాజ్యసభలో నెగ్గడం వల్లే దాని ప్రాణానికి గడువు పడింది. 2014 మేలో ఆ గడువు తీరిపోయింది. తర్వాత వచ్చిన ప్రభుత్వానికి లోక్‌సభలో సొంత మెజారిటీ ఉంది. అది కూడా తొమ్మిదేళ్లు జాబితాలో వేయలేదు. ఈ పార్టీ, ఆ పార్టీ అని నాకు లేదు. అందరి చేతుల్లోనూ అదే కాగితం నానింది.

ప్రతిపక్షం వైపు నుంచి ఆలోచిస్తే వాళ్ల గొడవకి కారణం నాకు అర్థమవుతుంది. మన పార్లమెంటులో ఎజెండా దాదాపు పూర్తిగా ప్రభుత్వానిది. బ్రిటన్ కామన్స్ సభలో ఏడాది సమావేశాల్లో ఇరవై రోజులు ప్రతిపక్షానికి ఇస్తారు, ఆ రోజుల్లో ఏం చర్చించాలో వాళ్లే నిర్ణయిస్తారు. మనకి అది లేదు. మంత్రి కాని సభ్యుడు బిల్లు పెట్టాలంటే శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు. ఆ శుక్రవారం కూడా సభ వాయిదా పడితే అదీ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి బిల్లులు పద్నాలుగే చట్టాలయ్యాయి. చివరిది 1970లో. నేను పలక పట్టుకుని బడికి వెళ్తున్న రోజుల్లో. అడిగే చోటు లేనివాడు అరుస్తాడు. అరిచే వాణ్ణి చూపించి, సభ సజావుగా లేదని రెండోవాడు తనకి ఇష్టం లేని పనులన్నీ పక్కన పెడతాడు. ఇద్దరికీ సరిపోయింది. మధ్యలో ఉన్నది మనం.

సరిగ్గా వీగిపోయిన బిల్లు ఎలా ఉంటుందో కూడా మన చరిత్రలోనే ఉంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చే 64వ సవరణ బిల్లుని రాజీవ్ గాంధీ ప్రభుత్వం 1989లో తెచ్చింది. లోక్‌సభలో నెగ్గింది. అక్టోబరులో రాజ్యసభలో ఓటింగు పెట్టారు, కావలసిన మూడింట రెండు వంతులు రాలేదు. వీగిపోయింది. అధికారమంతా ఢిల్లీ లాక్కుంటోంది, రాష్ట్రాల్ని పక్కన పెడుతోంది అనేది వ్యతిరేకించిన వాళ్ల వాదన. ఆ వాదన రికార్డులో ఉంది. అది ఎదురుగా ఉంది కాబట్టే రాష్ట్రాలకి ఎక్కువ వెసులుబాటు ఇస్తూ మళ్లీ రాశారు. 1992 డిసెంబరులో రెండు సభలూ ఆమోదించాయి. ఓడిపోయిన మూడేళ్లకే తిరిగొచ్చి గెలిచింది. ఆ చట్టం వల్లే మా అత్త వార్డు మెంబరైంది. ఆ బిల్లుని కూడా 1989లో ఓటింగుకి రాకుండా నానబెట్టి ఉంటే, ఎవరి అభ్యంతరం ఏంటో తెలిసేది కాదు, మా అత్త వీధి చివర కుళాయీ ఉండేది కాదేమో.

అందుకే నేను అడిగేది చిన్నదే. కమిటీ నివేదిక వచ్చిన ప్రతి బిల్లునీ ఒక గడువులోగా, రెండు సమావేశాలో మూడు సమావేశాలో, ఓటింగుకి పెట్టి తీరాలని నిబంధన కావాలి. వద్దంటే వద్దని ఓటేయండి, నెత్తిన పెట్టుకుంటాం. సభ్యుడు డివిజన్ అడిగితే మూజువాణితో దాటించకూడదు. నినాదాల మధ్య యాభై మందిని లెక్కపెట్టలేకపోతే మీట నొక్కించండి, సంతకాలు పెట్టించండి, ఏదో ఒక దారి ఉంటుంది. లోక్‌సభ రద్దయ్యే రోజున, ఆ ఐదేళ్లలో మురిగిపోయిన బిల్లులు ఇవీ, ఒక్కొక్కటీ ఎన్ని రోజులు జాబితాలోకి రాకుండా ఉందీ అని ఒక కాగితం ప్రజల ముందు పెట్టాలి. దీనికి రాజ్యాంగం మార్చక్కర్లేదు. చాలావరకు సభ తన నిబంధనలు తాను మార్చుకుంటే సరిపోతుంది.

2023 సెప్టెంబరు 20 రాత్రి మేనత్తకి నేనే ఫోన్ చేశాను. ఆమెకి వినికిడి తగ్గింది, గట్టిగా చెప్పాలి.

"అత్తా, మహిళా బిల్లు లోక్‌సభలో నెగ్గింది."

"ఓట్లేశారా?"

"ఏశారు. 454 ఔను, రెండు కాదు."

"కాదన్న వాళ్లెవరు?"

చెప్పాను. అసదుద్దీన్ ఒవైసీ గారు, ఆయన పార్టీ వాళ్లే ఇంకొకరు. వెనుకబడిన వర్గాల ఆడవాళ్లకి, ముస్లిం ఆడవాళ్లకి అందులో విడిగా వాటా లేదని వాళ్ల అభ్యంతరం.

"ఆ మాటలో తప్పేముందే? వాళ్లతో కూర్చుని మాట్లాడొచ్చు" అంది. ఆమెకి ఆ రెండు ఓట్ల మీద కోపం లేదు. కుళాయి రోజుల్లోలాగే, ఎక్కడికి వెళ్లి మాట్లాడాలో తెలిసిందన్న తృప్తి ఆ గొంతులో వినిపించింది.

మర్నాడు రాజ్యసభలో 214 ఓట్లు, వ్యతిరేకం ఒక్కటీ లేదు. 28న రాష్ట్రపతి ఆమోదించారు, 106వ సవరణ చట్టమైంది. ఆ వారంలోనే అత్త మళ్లీ ఫోన్ చేసింది. "మరి వచ్చే ఎన్నికలకేనా అమ్మాయీ?"

కాదని చెప్పాల్సొచ్చింది. చట్టం వచ్చాక జరిగే మొదటి జనగణన లెక్కలు ప్రకటించాలి, ఆ లెక్కల మీద నియోజకవర్గాల పునర్విభజన జరగాలి, ఆ తర్వాతే సీట్లు కేటాయిస్తారని వివరించాను. ఇరవై ఏడేళ్లు సభ బయట ఆగిన బిల్లు, ఇప్పుడు తన కడుపులోనే ఇంకో నిరీక్షణ పెట్టుకుని వచ్చిందని నాకు తెలుసు. 2024లో లోక్‌సభకి గెలిచిన ఆడవాళ్లు 543లో 74 మంది. అంతకు ముందు సభకి గెలిచిన 78 కన్నా తక్కువ.

"ఆ లెక్కలూ, ఆ విభజనా ఎప్పటికవుతాయి?" అంది.

"చట్టంలో తేదీ రాయలేదత్తా."

అటువైపు చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందేమో అనుకుని "అత్తా?" అన్నాను.

"ఉన్నాలే" అంది. "తేదీ లేకపోతే మా కార్యదర్శి మినిట్స్ బుక్కులో సంతకం పెట్టనిచ్చేవాడు కాదు."